సగం పాయింటు ఊరికే రాదు

2025 జూలై 26న జార్జియాలోని బటూమి నగరంలో మహిళల చదరంగం ప్రపంచ కప్ ఫైనల్ తొలి ఆట డ్రాగా ముగిసింది. మర్నాడు రెండో ఆట కూడా డ్రాగానే ముగిసింది. ఆ రెండు సాయంత్రాలూ మా బల్లార్‌పూర్‌లో కనిపించినవాళ్లంతా నన్ను ఒకే మాట అడిగారు, నా జవాబు విని ఒకే తీరుగా పెదవి విరిచారు. ‘ఏం తేలింది కాకా?’ అంటే ‘బరాబర్ అయింది’ అన్నాను. ‘అంటే ఏం తేలలేదన్నట్టే గదా’ అని తీర్పు కూడా వాళ్లే చెప్పేసి టీ కొట్టు వైపు నడిచారు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. బలమైన ఆటగాళ్లిద్దరు నిజాయితీగా పోరాడి డ్రా చేసుకున్న ఆటలో, ఒకరు గెలిచిన ఆటలో తేలేదానికన్నా తక్కువేమీ తేలదని, అలాంటి డ్రాను ఒక లోపంగా భావించి దాన్ని సరిదిద్దడానికి నిర్వాహకులు తెస్తున్న నిబంధనల వల్ల ఆటకు మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతోందని నా అభిప్రాయం.

మా ఊరి సంగతి కొంచెం చెప్పుకుంటే గానీ ఆ ఫైనల్ మాకెందుకంత దగ్గరిదైందో అర్థం కాదు. బల్లార్‌పూర్ మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వార్ధా నది ఒడ్డున ఉంది. బొగ్గు గనుల్లోకీ కాగితపు మిల్లులోకీ పనికోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు వాడవాడకీ ఉన్నాయి. నది దాటగానే వచ్చే రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడతారు. పెళ్లిళ్లకు కాజీపేట వైపు బండెక్కుతారు, పెద్ద ఆసుపత్రికి నాగ్‌పూర్ వైపు బండెక్కుతారు. ఫైనల్లో తలపడిన ఇద్దరిలో కోనేరు హంపి ఆంధ్ర ఆడపడుచు, దివ్యా దేశ్‌ముఖ్ నాగ్‌పూర్ అమ్మాయి. ఒకరికి 38 ఏళ్లు, ఇంకొకరికి 19. ‘డ్రా అయితే మీ తెలుగోళ్లకు పండగే, ఇటూ మీవాళ్లే, అటూ మీవాళ్లే’ అని ఒక మరాఠీ మిత్రుడు చమత్కరించాడు కూడా. నేను డ్రా పక్షాన మాట్లాడుతున్నది ఆ కారణంతో మాత్రం కాదు. ఎవరినీ నొప్పించని ఫలితమనే మెతకదనంతో డ్రాను మెచ్చుకోవడం, ఏమీ తేలలేదని దాన్ని కొట్టిపారేయడం రెండూ ఒకటే. రెండింటిలోనూ ఆటను చూడకుండా ఫలితాన్ని మాత్రమే చూస్తున్నాం.

ఆటను చూద్దాం. తొలి రోజు దివ్యకు తెల్ల పావులు వచ్చాయి. ఒక బంటును ఎరగా చూపే క్వీన్స్ గాంబిట్ ఆమె ఆడితే, హంపి ఆ బంటును తీసుకుంది. ఓపెనింగ్ దాటీ దాటకముందే దివ్య స్పష్టమైన ఆధిక్యంలోకి వచ్చింది. గెలుపు దారి బోర్డు మీదే ఉంది గానీ ఆమెకు అది చేజిక్కలేదు. అక్కడి నుంచి హంపి ఒక్కో ఎత్తుతో నష్టాన్ని పూడ్చుకుంటూ వచ్చి 41 ఎత్తుల దగ్గర ఆటను డ్రాగా ముగించింది. పట్టికలో ఇద్దరికీ చెరో సగం పాయింటు పడింది. కానీ ఆ ఆట చూసినవాళ్లకు రెండు విషయాలు తెలిసిపోయాయి. 2002లో 15 ఏళ్ల వయసుకే గ్రాండ్‌మాస్టర్ అయిన హంపిని, అప్పటికి ఇంకా ఆ హోదా లేని పిల్ల తొలి ఎత్తుల్లోనే ఇరుకున పెట్టగలదన్నది ఒకటి. అంత ఇరుకులో పడ్డాక కూడా తొణకకుండా బయటపడే ఓపిక హంపి దగ్గర అలాగే ఉందన్నది రెండోది. జూలై 28, సోమవారం, విజేతను తేల్చడానికి తక్కువ సమయంతో ఆడించే ర్యాపిడ్ టైబ్రేక్ జరిగింది. దానిలో మొదటి ఆట మళ్లీ డ్రా అయింది. రెండో ఆటను నల్ల పావులతో గెలిచి దివ్య కప్పు అందుకుంది, దాంతోపాటే భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది. ఆ గెలుపు ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. శనివారం నాటి తొలి డ్రాను ఎత్తు ఎత్తుగా చూసినవాడెవడూ సోమవారం ఆశ్చర్యపోయి ఉండడు.

అసలు చదరంగంలో డ్రా ఎందుకు వస్తుంది? తొలి స్థితి నుంచి ఇద్దరూ సరిగ్గా ఆడితే ఆట సమానంగా ముగుస్తుందన్నది గణితపరంగా రుజువు కాకపోయినా, ఆటలో మునిగి తేలినవాళ్లలో దాదాపు అందరూ నమ్మేదే. అంటే గెలుపు రావాలంటే ఎవరో ఒకరు తప్పు చేసి తీరాలి. ఎంత అద్భుతంగా దాడి చేసినా ఎదుటివాడు ఎక్కడో ఒకచోట తడబడకపోతే ఆ దాడి ఫలించదు. ఈ లెక్కన డ్రా అంటే తప్పులు జరగని ఆట, లేదా జరిగిన తప్పును సరిదిద్దుకోగలిగిన ఆట. అలాంటిది, గెలుపే సహజ ఫలితమని, డ్రా ఒక అవాంతరమని అనుకోవడం ఎంత విడ్డూరం! ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు తప్పు చేసే తీరాలని పట్టుబట్టడం అవుతుంది అది.

కాపాడుకోవడంలో ఉండే పనితనం కంటికి సులువుగా ఆనదు. దానికి నేను దగ్గరుండి చూసిన ఆట ఒకటి చెబుతాను. పోయిన చలికాలంలో మా దగ్గర ఒక ఓపెన్ టోర్నమెంట్ జరిగింది. నేను ఆర్బిటర్‌కు, అంటే రిఫరీకి, సాయంగా ఉన్నాను. ఒక్కొక్కరికి గంట సమయం, ఎత్తుకు 30 సెకన్ల అదనం. చివరి ముందు రౌండులో పై బోర్డుల్లో ఒకదాని మీద గనిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన తెలుగాయన, చంద్రపూర్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి తలపడ్డారు. పెద్దాయనను మేమందరం మామ అనే పిలుస్తాం. జిల్లాలో ఆ ఇద్దరినీ మించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. ఆట సాగి సాగి ఏనుగుల ఎండ్‌గేమ్‌లోకి వచ్చింది: కుర్రవాడికి రాజు, ఏనుగు, బోర్డు నడుమ వరుసలో ఒక బంటు, మామకు రాజు, ఏనుగు మాత్రమే. చుట్టూ మూగినవాళ్లలో సగం మంది ఇక మామ పని అయిపోయిందనే అనుకున్నారు.

మామ రాజు ఆ బంటు వెళ్లి మంత్రి కావలసిన గడిలోనే తిష్ఠ వేసింది. తెల్ల బంటు ఐదో వరుసలో ఉంది. మామ తన నల్ల ఏనుగును ఆరో వరుసలో, ఆ బంటుకు సరిగ్గా ఒక వరుస ముందు, దూరంగా ఒక పక్కన నిలిపాడు. తెల్ల రాజు ముందుకు రావాలంటే ఆ ఆరో వరుస మీద అడుగు పెట్టాలి. ఏనుగు కాపలా ఉన్నంతకాలం అది కుదరదు. కుర్రవాడు ఏనుగును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెనక నుంచి చెక్ ఇచ్చి చూశాడు. మామ మాత్రం ఏనుగును అదే వరుసలో ఒక గడి ఇటు, ఒక గడి అటు జరుపుతూ, అదే చేత్తో గడియారం నొక్కుతూ కూర్చున్నాడు. ‘ముసలాయన ఊరికే టైం పాస్ చేస్తున్నాడు’ అని నా వెనక ఎవరో గొణిగారు. చివరికి కుర్రవాడికి చేసేదేమీ తోచక బంటును ఆరో వరుసకు తోశాడు. ఆ బంటు అలా కదిలిందో లేదో మామ ఏనుగు సర్రున కిందికి దిగి మొదటి వరుసలో వాలింది, అక్కడి నుంచి తెల్ల రాజుకు వెనకవైపు నుంచి చెక్‌ల మీద చెక్‌లు మొదలయ్యాయి. బంటు ముందుకు వెళ్లిపోయింది కాబట్టి తెల్ల రాజుకు దాని చాటున తలదాచుకునే వీలు లేకుండా పోయింది. చెక్ తప్పించుకోవడానికి రాజు దూరం జరిగితే బంటు పోతుంది. మరికొన్ని చెక్‌లు చూసి కుర్రవాడు చెయ్యి చాపాడు.

18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరు మీద చెలామణీ అయ్యే రక్షణ పద్ధతి ఇది. మామ దాన్ని పుస్తకంలో నేర్చుకున్నాడో, ఓడి ఓడి నేర్చుకున్నాడో నేను అడగలేదు. దానిలోని కీలకం మాత్రం పైకి కనిపించేంత తేలికైంది కాదు: బంటు ముందుకు రాకముందే ఏనుగు కిందికి దిగిపోతే తెల్ల రాజు ఆరో వరుసలో జొరబడుతుంది, బంటు వచ్చాక కూడా దిగకపోతే ఇక ఆలస్యం. భయపడి ఏనుగును రాజు పక్కకు, చివరి వరుసకు తెచ్చి కాపలా పెట్టుకుంటే, బంటు బోర్డు మధ్యలో ఉన్నప్పుడు ఓటమి తప్పదు. గొణిగిన పెద్దమనిషికి టైం పాస్‌లా కనిపించిన ఆ ఎత్తుల్లో ప్రతిదీ లెక్క ప్రకారం వేసిందే. ఇక కుర్రవాడి వైపు నుంచి చూస్తే, ఉన్న ఒక్క బంటుతో అడగగలిగినవన్నీ అడిగాడు, దేనికీ ఎదుటి నుంచి తప్పు జవాబు రాలేదు. నిజమైన డ్రా అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నేను ఆ ఆటనే చూపిస్తాను.

అయితే ఆ రోజు పట్టికలో మామ పేరు ఎదురుగా సగం పాయింటు పడలేదు, సున్నా పడింది. చివరి రెండు రౌండ్లలో డ్రా అయిన ఆటలకు ఐదేసి నిమిషాల ఆట ఒకటి ఆడించాలని, దానిలో గెలిచినవాడికి పూర్తి పాయింటు ఇవ్వాలని, ఓడినవాడికి ఏమీ ఇవ్వకూడదని కరపత్రంలోనే అచ్చు వేశారు. ప్రేక్షకులకు ఆసక్తి ఉంటుందట. కుర్చీలు జరపకుండానే గడియారాలు మార్చారు. మామ స్థితి బాగానే ఉంది గానీ చెయ్యి అంత వేగంగా ఆడలేదు, గడియారంలో సమయం అయిపోయింది. రెండున్నర గంటల పాటు తొణకకుండా కాపాడుకున్నది ఐదు నిమిషాల్లో ఇరవై ఏళ్ల వేళ్ల చురుకుదనానికి ధారపోయవలసి వచ్చింది. కుర్రవాడి తప్పేమీ లేదు, అతను కూడా మొహమాటపడుతూనే పూర్తి పాయింటు రాయించుకున్నాడు. నిర్వాహకులను నేను ఒకటే అడిగాను: రెండు వేర్వేరు ఆటల ఫలితాలను ఒకే గడిలో ఎలా వేస్తారని. ‘డ్రా వల్ల జనం లేచి వెళ్లిపోతున్నారు సార్’ అన్నారు.

బటూమిలో కూడా డ్రాల తర్వాత ర్యాపిడ్ ఆడించారు కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడి సంగతి వేరు. అది నాకౌట్, ఇద్దరిలో ఒకరికే కప్పు ఇవ్వాలి కాబట్టి వేరే దారి లేదు, పైగా అక్కడ కూడా క్లాసికల్ ఆటల, అంటే ఎక్కువ సమయంతో ఆడే అసలు ఆటల, డ్రాలు డ్రాలుగానే లెక్కలో ఉన్నాయి. మన టోర్నమెంట్లన్నీ స్విస్ పద్ధతిలో జరుగుతాయి. అందులో సమాన పాయింట్లు ఉన్నవాళ్లను తర్వాతి రౌండులో జత చేస్తారు, చివర్లో సమానంగా నిలిస్తే ప్రత్యర్థులు తెచ్చుకున్న పాయింట్ల ఆధారంగా వరుస తేలుస్తారు. సగం పాయింటును అరాయించుకోవడానికే ఆ పద్ధతి తయారైంది. అందులో ఎవరూ ఎవరినీ ఇంటికి పంపక్కర్లేదు.

ఇప్పుడు అవతలి వాదన వినాలి, అది పస లేని వాదన కాదు. ఆడకుండానే చేసుకునే డ్రాలు ఉన్నాయి, అవి ఆటకు పట్టిన చీడ. 1962లో కురసావ్ దీవిలో ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసే ఆటగాడిని ఎంపిక చేసే టోర్నమెంట్ జరిగితే, పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ అనే ముగ్గురు సోవియట్ ఆటగాళ్లు తమలో తాము ఆడుకున్న 12 ఆటలనూ డ్రా చేసుకున్నారు. ఒకరి మీద ఒకరు శ్రమపడకుండా మిగిలినవాళ్ల మీద బలం చూపించడానికి ఇది బాగా పనికొచ్చింది. పెట్రోసియన్ ఆ టోర్నమెంట్ గెలిచి, మరుసటి ఏడాది బోత్వినిక్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇది కుమ్మక్కు అని అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్ బహిరంగంగానే ధ్వజమెత్తాడు. ఆ గొడవ తర్వాత ఆ ఎంపికను టోర్నమెంట్‌గా కాకుండా ఇద్దరిద్దరి మధ్య మ్యాచ్‌లుగా మార్చారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. మా జిల్లా టోర్నమెంట్లలో చివరి రౌండుకు వచ్చేసరికి సగం పాయింటుతో ఇద్దరికీ నగదు బహుమతి ఖాయమైతే, పై బోర్డు మీద పది ఎత్తులు దాటకుండానే చేతులు కలుస్తాయి. పక్కనే పిల్లలు చెమటలు కక్కుతూ ఆడుతుంటే వీళ్లు బయట సమోసాలు తింటుంటారు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు డ్రా అంటే వెగటు పుట్టిందంటే ఆ పాపం ఈ సమోసాల బ్యాచిదే.

కానీ ఆ వెగటును తెచ్చి మామ ఆట మీద రుద్దడం ఎలా న్యాయం? పట్టికలో రెండింటికీ ఒకే గుర్తు పడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం ఎత్తులు రాసిన స్కోర్ షీట్ తిరగేసే ఓపిక లేనివాడి సౌకర్యం.

డ్రాతో మనిషి ఎంత దూరం ప్రయాణించగలడో చూడాలంటే 1984కి వెళ్లాలి. ఆ సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడిదే కిరీటం, డ్రాలకు లెక్క లేదు. తొమ్మిది ఆటలు ముగిసేసరికి కార్పోవ్ 4–0తో ఉన్నాడు. కాస్పరోవ్ అప్పుడు దాడులు మానేసి నిలబడటం నేర్చుకున్నాడు: వరసగా 17 డ్రాలు. 27వ ఆట గెలిచి కార్పోవ్ 5–0 చేశాడు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటీ రాలేదు. కాస్పరోవ్ 32వ ఆట గెలిచాడు, మళ్లీ వరసగా 14 డ్రాలు, ఆ తర్వాత 47, 48 ఆటలు రెండూ కాస్పరోవ్‌వే. 1985 ఫిబ్రవరి 15న అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు కంపోమానెస్ మ్యాచ్‌ను ఫలితం లేకుండా ఆపేశాడు. 48 ఆటల్లో 40 డ్రాలు అనే లెక్కను చదరంగాన్ని వెక్కిరించడానికి చాలామంది వాడతారు. నాకు మాత్రం ఆ 40 డ్రాల్లో ఒక కుర్రవాడు ప్రపంచంలోకెల్లా గట్టి ప్రత్యర్థి దగ్గర కూర్చుని పాఠం నేర్చుకున్న వైనం కనిపిస్తుంది. అదే ఏడాది నవంబరులో, 24 ఆటల కొత్త మ్యాచ్‌ను 13–11తో గెలిచి కాస్పరోవ్ చాంపియన్ అయ్యాడు.

అదే కాస్పరోవ్‌కు 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో అదే మందు తిరిగి తగిలింది. ప్రత్యర్థి క్రామ్నిక్ నల్ల పావులతో బెర్లిన్ రక్షణ అనే ఓపెనింగ్ ఆడాడు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మారిపోతాయి, నల్ల రాజుకు కోటలోకి వెళ్లే హక్కు కూడా పోతుంది, చూడటానికి చప్పగా ఉంటుంది. కానీ దాడి చేయడంలో మొనగాడైన కాస్పరోవ్‌కు ఆ గోడలో చీలిక దొరకలేదు. బెర్లిన్ ఆడిన నాలుగు ఆటలూ డ్రా అయ్యాయి. 15 ఆటల్లో కాస్పరోవ్ ఒక్కటి కూడా గెలవలేకపోయాడు, క్రామ్నిక్ రెండు గెలిచి, 13 డ్రా చేసి, కిరీటం తీసుకెళ్లాడు. ఆ డ్రాలను ఏమీ తేలని ఆటలనడానికి నాకు నోరు రాదు.

మరి మంచి డ్రాకూ దొంగ డ్రాకూ తేడా ఎలా పట్టుకోవాలి? ఎత్తుల సంఖ్యతో కుదరదు. దాడికి దిగిన ఇద్దరూ ఇరవై ఎత్తుల్లో బోర్డును ఊడ్చేసి, చివరికి ఎడతెగని చెక్‌తో ఆగిపోయిన ఆటలు ఎన్నో ఉన్నాయి. అవి పొట్టివైనా నిజాయితీ గలవే. ముందే మాట్లాడుకుని నియమం కోసం నలభై ఎత్తులు నడిపించే ఆటలూ ఉన్నాయి. నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: చేతులు కలిపే సమయానికి, ఎదుటివాడు ఇంకా కష్టపడి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఏదైనా బోర్డు మీద మిగిలి ఉందా? మిగిలి ఉండగానే లేచిపోతే అది ఎగవేత. మిగలకపోతే అదే ఆ ఆట అసలు ఫలితం.

ఈ కొలబద్దను కంప్యూటర్ చేతికి ఇవ్వకూడదు. ఈ మధ్య ఫోనులో ఆట చూసేవాళ్లంతా బోర్డు పక్కన పైకీ కిందికీ కదిలే పట్టీనే చూస్తున్నారు. అందులో 0.00 అని పడగానే ‘డ్రా’ అని ఫోను జేబులో పెట్టేస్తారు. కానీ రెండు రాజులు మాత్రమే మిగిలిన బోర్డుకూ 0.00 అనే పడుతుంది, ఒకే ఒక్క ఎత్తు తప్ప మిగిలినవన్నీ ఓటమికి దారితీసే స్థితికీ 0.00 అనే పడుతుంది. మొదటిదానిలో చెయ్యడానికి ఏమీ లేదు. రెండోదానిలో మనిషికి చెమటలు పడతాయి.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్, గుకేశ్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లోని 14వ ఆట దీనికి తిరుగులేని సాక్ష్యం. అప్పటికి స్కోరు సమానం. చివరి క్లాసికల్ ఆట కూడా డ్రా అయితే టైబ్రేక్‌కు పోతుంది. నల్ల పావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉంది గానీ, రెండు వైపులా ఏనుగు, ఒంటె చెరొకటి ఉండి, బంట్లన్నీ ఒకే పక్కన ఉన్నాయి. గట్టి ఆటగాళ్లు కాపాడుకోగలిగిన స్థితి. వ్యాఖ్యాతలు టైబ్రేక్ గురించి మాట్లాడటం మొదలుపెట్టేశారు. గుకేశ్ మాత్రం డ్రాకు పోకుండా ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి తెర తీశాడు. ఏనుగులు పోగానే గుకేశ్ తన ఒంటెను డింగ్ ఒంటెకు ఎదురుగా తెచ్చి నిలిపాడు; మూలన ఇరుక్కున్న తెల్ల ఒంటెకు తప్పించుకునే దారి లేదు, మారక తప్పలేదు. మిగిలింది రాజు, రెండు బంట్లు ఒకవైపు, రాజు, ఒక బంటు ఇంకోవైపు. మరి రెండు ఎత్తులకే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్ల గుకేశ్ 7.5–6.5తో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఈ కథను డ్రాకు వ్యతిరేకంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు: చూశారా, చివరిదాకా ఆడితేనే ఫలితం వస్తుంది అని. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. ఆ 14 ఆటల్లో తొమ్మిది డ్రాలు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును సురక్షితంగా వేరే గడిలో పెట్టి ఉంటే పదో డ్రా అయ్యేది, అప్పుడు కూడా గుకేశ్ ఆడిన ఆట అంతే గొప్పగా ఉండేది. అతను అడగవలసిన ప్రశ్నలు అడుగుతూ పోయాడు. జవాబు తప్పడం, తప్పకపోవడం అవతలివాడి చేతిలోది. జవాబు తప్పితే శభాష్ అని, తప్పకపోతే ఏమీ జరగలేదని అనేవాళ్లు మెచ్చుకుంటున్నది అడిగినవాడి పట్టుదలను కాదు, జవాబు చెప్పినవాడి పొరపాటును.

డ్రాను తగ్గించడానికి ప్రపంచం నలుమూలలా చేసిన ప్రయోగాలలో నాకు కాస్తయినా నచ్చింది 2005లో సోఫియాలో మొదలైనది. ఆటగాళ్లు ఒకరినొకరు డ్రా అడగకూడదు, ఆర్బిటర్ ద్వారానే రావాలి. ఉద్దేశం మంచిదే, ప్రశ్న మిగిలి ఉండగా లేవకుండా ఆపడానికి కొంతవరకు పనికొస్తుంది. అయితే తెలిసినవాళ్లకు దానిలో కంత ఉంది: బెర్లిన్ రక్షణలోనే ఒక దారిలో 14 ఎత్తుల్లో ఒకే స్థితిని మూడుసార్లు తెచ్చుకుని, ఒకరినొకరు అడగకుండానే, నిబంధన ప్రకారమే డ్రా చేసుకోవచ్చు. 2008లో బిల్బావోలో ఫుట్‌బాల్ తరహాలో గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి ఇచ్చారు. ఇది నాకు అసలు నచ్చదు. కుమ్మక్కు కావాలనుకున్న ఇద్దరు రెండు ఆటలు డ్రా చేసుకుంటే చెరి రెండు పాయింట్లు వస్తాయి, చెరొకటి గెలుచుకుంటే చెరి మూడు వస్తాయి. అంటే డ్రా కుమ్మక్కును ఆపబోయి ఓటమి కుమ్మక్కుకు బహుమతి పెట్టినట్టయింది. నార్వే టోర్నమెంట్‌లో 2019 నుంచి డ్రా అయిన ప్రతి ఆట తర్వాత ఆర్మగెడ్డాన్ అనే పొట్టి ఆట ఆడిస్తున్నారు. తెల్లవైపు వాడికి ఎక్కువ సమయం, నల్లవైపు వాడికి డ్రా అయినా గెలుపే. గమ్మత్తు చూడండి: డ్రాను లేకుండా చేయడానికి కనిపెట్టిన ఆట కూడా డ్రాకు విలువ కట్టకుండా నడవలేకపోయింది. అయినా అక్కడ ఒక మర్యాద పాటిస్తున్నారు. క్లాసికల్ డ్రాకు వచ్చిన భాగాన్ని ఆర్మగెడ్డాన్‌లో ఓడినవాడి దగ్గర నుంచి లాక్కోరు. మా ఊరి నిబంధనలో ఆ మర్యాద కూడా లేదు.

ఈ ఏడాది టోర్నమెంట్ కరపత్రం ఇంకా అచ్చుకు వెళ్లలేదు కాబట్టి నేను నిర్వాహకులకు మరాఠీలో ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. ముప్పై ఎత్తుల లోపు డ్రా అడగడం నిషేధించమన్నాను. అంతర్జాతీయ నిబంధనలు టోర్నమెంట్లకు ఆ వెసులుబాటు ఇస్తున్నాయి. ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని ముందే డ్రా కోరుకుంటే ఆర్బిటర్ స్కోర్ షీట్ చూసి ఒప్పుకోవాలి, అది ఎలాగూ ఉన్న నియమమే. పై ఐదు బోర్డుల్లో డ్రా అయిన ప్రతి ఆట స్కోర్ షీట్ నకలును ఆ సాయంత్రమే హాలు బయట గోడకు అంటించమన్నాను, సమోసాల బ్యాచి ఆడిన పది ఎత్తులూ, మామ లాంటివాళ్లు ఆడిన తొంభై ఎత్తులూ పక్కపక్కనే ఉంటే చదవగలిగిన ఎవరికైనా తేడా తెలుస్తుంది. జనం కోసం ఐదు నిమిషాల ఆట ఆడించే తీరాలనుకుంటే, దానికి వేరే బహుమతి పెట్టి వేరే పట్టికలో రాసుకోమన్నాను. గంటల తరబడి ఆడి తెచ్చుకున్న సగం పాయింటును మాత్రం ఎవరి గడిలోంచీ చెరపవద్దని చివరి వాక్యంగా రాశాను. కమిటీ మీటింగ్‌లో పెడతామన్నారు.